గున్నమ్మ ఎక్కించుకున్న చుట్టాలు

గున్నమ్మకి ఏ వంకా లేదు, ఒక్కటి తప్ప. ఆవిడ దృష్టిలో ఎవరూ చచ్చిపోరు. ఎప్పుడో సముద్రం తీసుకుపోయిన మొగుడు దాలయ్యని, కంచం ముందు కూర్చుని "ఉప్పు సరిపోనాదేటి?" అని అడుగుతుంది. ఆయన ఏం చెబుతాడో ఏమో, తలూపి ఇంకాస్త ఉప్పు కలుపుకుంటుంది. కళింగపట్నం ఒడ్డున ఆ పేటలో అందరికీ ఇది అలవాటే. కొత్తగా కాపురానికొచ్చిన రాణికే అలవాటు కాలేదు.

రాణి గున్నమ్మ మనవడు వినోద్ పెళ్ళాం. వినోద్ గుజరాత్‌లో బోటు మీద పనిచేస్తాడు. సముద్రం ఇంటి వెనక గోడ దాకా వచ్చేసరికి, అతను శృంగవరపుకోటలో ఓ ఇల్లు అద్దెకి తీసుకుని, చేపల బజార్లో ఓ చోటు చూసిపెట్టి, ఇద్దరూ అక్కడ బతకండని చెప్పి బోటెక్కేశాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆ ఇల్లు మంచిది కాదట. దీపాలు పెట్టేవేళకి ఎవరో ఆడమనిషి గజ్జెలతో తిరుగుతుందట. రాణికి దెయ్యమంటే ప్రాణం పోతుంది. ఒక్క రాత్రి చూస్తాను, గజ్జెలు వినబడ్డాయా, తెల్లారేసరికి మా అమ్మ దగ్గరికి పోతానని వినోద్‌కి ముందే చెప్పేసింది.

సామాను వ్యానుకెత్తారు. డ్రైవరు మురళీమోహన్, పక్కన బల్లసీటు మీద వీళ్ళిద్దరూ. బయల్దేరేముందు గున్నమ్మ సముద్రం వైపు తిరిగి దాలయ్యని పేరు పెట్టి పిలిచింది. ఇల్లు మారేటప్పుడు పెద్దల్ని పిలవాలి, లేకపోతే పాపం పాత ఇంట్లోనే ఉండిపోతారని ఆవిడ పట్టింపు. అక్కడితో ఆగితే బాగుండేది.

ఆమదాలవలస స్టేషను ముందు బండి ఆపించింది. దిగి, తలుపు బార్లా తీసి, ఎవరూ లేని చోటు చూస్తూ, "అప్పా, ఎక్కు. మెట్టు ఎత్తుగా ఉన్నాది, జాగర్త," అంది. చిన్నప్పుడే జ్వరంతో పోయిన వాళ్ళ అక్క లక్ష్మణమ్మట. కిటికీ పక్కనైతే గానీ కూర్చోదట. రాణి జరిగింది. జరిగాక చూసుకుంటే అటువైపు చెయ్యి మంచులా ఉంది. గున్నమ్మ నాలుగు టీలు చెప్పి, నాలుగోది ముందద్దం దగ్గర పెట్టింది. కాసేపటికి చూస్తే గ్లాసు ఖాళీ.

నాగావళి వంతెన రాగానే, "ఏరు దాటతన్నాం, అందరూ గట్టిగా పట్టుకోండి," అంది గున్నమ్మ. అందరికంటే గట్టిగా స్టీరింగు పట్టుకున్నవాడు మురళీమోహనే. వెనకద్దంలోకి చూడడం అప్పుడే మానేశాడు.

విజయనగరం గంటస్తంభం దగ్గర తమ్ముడు సూరయ్య ఎక్కాడు. బండెక్కితే వాంతులు చేసుకునే మనిషట, చచ్చిపోయినా ఆ గుణం పోలేదు. అక్కడా ఓ టీ ఎక్కువే చెప్పింది, ఆ గ్లాసూ ఖాళీ అయింది. గున్నమ్మ ఓ నిమ్మకాయ కొని సీటు మీద పెట్టి వాసన చూస్తూ ఉండమంది. మలుపు తిరిగినప్పుడు ఆ నిమ్మకాయ దొర్లుకుంటూ సీటు చివరిదాకా వచ్చి, కింద పడకుండా అంచు మీదే ఆగిపోయింది. రాణి కళ్ళు మూసుకుని దేవుళ్ళందర్నీ వరసగా తలుచుకుంది.

విజయనగరం నుంచి శృంగవరపుకోటకి తిన్నగా రోడ్డుంది. అయినా కొత్తవలస మీదుగా తిప్పించింది, అక్కడ పిన్ని చిన్నతల్లి కాచుకుని ఉందని. చిన్నతల్లి బాగా లావు మనిషట. ఆవిడ ఎక్కాక రాణికి సీటు మీద మిగిలింది జానెడు చోటు. మళ్ళీ టీ, మళ్ళీ ఖాళీ గ్లాసు. కొండలు దగ్గరపడుతుంటే బండి ముక్కడం మొదలెట్టింది. "బరువెక్కిపోనాది మామ్మా," అన్నాడు మురళీమోహన్ నీరసంగా. చిన్నతల్లి వింటుంది, మెల్లిగా మాట్లాడమని గున్నమ్మ మందలించింది.

మసక పడే వేళకి ఇల్లు చేరారు. వెనకాల నల్లగా కొండ. సముద్రం హోరు వింటూ పుట్టి పెరిగిన రాణికి ఆ నిశ్శబ్దమే గుండెల మీద కూర్చున్నట్టుంది. గున్నమ్మ గుమ్మం పక్కన నిలబడి తనవాళ్ళందర్నీ పేరుపేరునా లోపలికి పంపి, చీకటి గదికేసి చూస్తూ చెప్పింది: "సూడమ్మా, నువ్వా ఒక్కదానివి. మేం ఇంతమందిమి వచ్చేం. సర్దుకుని ఉందాం."

మురళీమోహన్ సామాను దింపి, వెళ్తూ వెళ్తూ రాణిని పక్కకి పిలిచాడు. ఆమదాలవలసలో టీ తాగేసింది తనేనట, వృథా పోతుందని. విజయనగరంలోనూ తనేనట. "కొత్తవలసలో మాత్రం నేను కాదమ్మా," అని చెప్పి బండెక్కి పారిపోయాడు.

అప్పుడే వినోద్ ఫోను చేశాడు. రాణి ఏడుపు గొంతుతో, మీ సూరయ్య తాత, లక్ష్మణమ్మ మామ్మ, చిన్నతల్లి అందరూ ఇంట్లోనే ఉన్నారని చెప్పింది. వినోద్ ఆ పేర్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

"ఆళ్ళెవరే? మామ్మకి అప్పా లేదు, తమ్ముడూ లేడు. ఆళ్ళమ్మకి మామ్మ ఒక్కతే. పిన్నులైతే అసల్లేరు."

రాణి ఫోను పెట్టేసి వచ్చి నిలబడింది. గున్నమ్మ దీపం ఒత్తి సవరిస్తూ తల ఎత్తలేదు.

"లేనోళ్ళని ఎందుకు ఎక్కించేవు మామ్మా?"

"నువ్వు బయిపడతన్నావు కదే. తెలీని దెయ్యం ఒకర్తి ఉన్న ఇంటికి ఇద్దరం ఆడోళ్ళం ఒట్టి సేతుల్తో ఎలా వస్తాం? మన తరఫున నలుగురుండాలి. ఉన్నోడు మీ తాతొక్కడే, ఆడేటి సేస్తాడు? అందుకే పుట్టించేను." దీపం ఒత్తి వదిలేసి రాణి చెంగు పట్టుకుంది. "నిజం సెప్తన్నాను, నాకూ దెయ్యాలంటే బయిమే."

సరిగ్గా అప్పుడే వెనక గదిలో ఘల్లుమంది. గున్నమ్మ చెంగు వదలకుండా రాణి వీపు వెనక్కి దూరింది. అంతటి మామ్మ అలా దాక్కోవడం చూసి రాణికి తన భయం మాటే గుర్తు రాలేదు. గొంతు పెంచింది.

"సూరయ్య తాతా, నువ్వు గుమ్మం కాడ పడుకో. లచ్చనమ్మ మామ్మకి కిటికీ వైపు. సిన్నతల్లీ, నువ్వు ఆ వెనక గదికి అడ్డంగా పడుకో, ఎవరూ దాటలేరు."

గున్నమ్మ వీపు వెనకనుంచే సరిదిద్దింది. "సూరయ్య పక్కన గిన్నె పెట్టవే. ఆడికి వాంతులు."

తెల్లారాక రాణి అమ్మ దగ్గరికి పోలేదు. చేపల గంప ఎత్తుకుంది. గున్నమ్మని ముందు నడవమని, తలుపుకి తాళం వేస్తూ ఖాళీ ఇంటికి చెప్పింది, ఇల్లు చూసుకోండి, మేం బజారుకెళ్ళి వస్తామని.

లోపల ఒక్కసారి ఘల్లుమంది.

"సరేనంటన్నాది," అంది గున్నమ్మ, వెనక్కి తిరిగి చూడకుండా గబగబా నడుస్తూ.