వానిస్ మొలిపించిన జుట్టు

ఈజిప్టులోని మన్సూరాలో చనిపోయిన మగవాళ్లందరికీ ఒకే పాపిడి. అది ఫొటోలకు రంగులు వేసే వానిస్ పాపిడి. ఎడమవైపు తీసి, నుదుటి మీదికి ఒక అల వదిలేవాడు. తన జుట్టంటే అతనికి అంత మురిపెం. అద్దంలో చూసుకున్నదాన్నే కుంచెతో పటంలోకి దించేవాడు.

సైన్యం రాజుగారిని గద్దె దింపి పంపేశాక ఎర్ర కుచ్చుటోపీల కాలం కూడా చెల్లింది. నిన్నమొన్నటిదాకా ఆ టోపీ లేనిదే గుమస్తా అన్నవాడు గడప దాటేవాడు కాదు. ఇప్పుడు పెట్టుకుని బజారుకెళ్తే పిల్లలు వెంటపడి ఈలలు వేస్తున్నారు. ఊళ్లో సగంమంది అరువుకు పెట్టుకుని ఫొటో దిగిన వానిస్ స్టూడియో టోపీ కొక్కేనికి వేలాడుతూ దుమ్ము పట్టింది. దానికి బదులు జనం పాత పటాలు చంకన పెట్టుకుని రాసాగారు. తాతల నెత్తిన టోపీలు తీయించాలట. తీస్తే కింద ఏముందో ఒక్కడికీ తెలియదు. అందుకే అందరికీ అదే పాపిడి.

బట్టల దగ్గర మాత్రం వానిస్ మహా నిక్కచ్చి. ఆడవాళ్లు పెళ్లినాటి గౌను అంచు లోపలినుంచి గోరంత ముక్క కత్తిరించి ఫొటోకు గుచ్చి ఇవ్వాల్సిందే. అప్పుడే ఆ రంగు కలిపేవాడు. ఎవరైనా "సముద్రం రంగు" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఏ పూట సముద్రమమ్మా? ముక్క పట్రా."

ఒక సోమవారం నీటిపారుదల ఆఫీసు గుమస్తా ఫఖ్రీ, చనిపోయిన తన తండ్రి హిల్మీ పటం పట్టుకుని వచ్చాడు.

"గురువారం అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికొస్తున్నారు ఉస్తాద్. వాళ్లన్నయ్య సైన్యంలో ఆఫీసరు. గోడ మీద ఈ టోపీ చూశాడంటే మమ్మల్ని రాజుగారి మనుషులనుకుంటాడు."

"కాపీ తీసి దానిమీద వెయ్యాలి. శనివారం అవుతుంది."

"అంత టైమెక్కడిది? దీనిమీదే కానిచ్చేయండి."

"మీ నాన్న జుట్టెలా ఉండేది?"

"నాకేం తెలుసు? నా ఎనిమిదో ఏటే పోయాడు. ఇంట్లో కూడా గుడ్డటోపీ తీసేవాడు కాదు. ఉండే ఉంటుంది లెండి, ఒత్తుగా."

కాపీ కాని అసలు ఫొటో మీద బ్లేడు పెట్టకూడదు. ఇరవై ఏళ్లలో వానిస్ ఆ తప్పు చేయలేదు. పెళ్లి అనేసరికి మెత్తబడి ఆ రోజు చేశాడు. టోపీ గీకేసి, హిల్మీ నుదుటి మీద తన అల పారించాడు.

బుధవారం ఫఖ్రీ పటం పట్టుకెళ్లి గంట తిరగలేదు, తల్లి తౌహీదా దాన్ని చంకన పెట్టుకుని దిగింది.

"ఎవడీ మగాడు? నా మంచానికెదురుగా పరాయివాణ్ని వేలాడదీయిస్తావా?"

"మీ ఆయనేనమ్మా."

"నా మొగుడి తల కోడిగుడ్డు! ఇరవై రెండేళ్లకే ఊడింది. ఆ సంగతి ఈ ఊళ్లో నాకూ మంగలికీ తప్ప పిట్టకి కూడా తెలీదు. ఆ మంగలి పోయాడు. ఇప్పుడు నువ్వు నా నోటితోనే చెప్పించావు."

నవ్వబోయిన వానిస్ ఆమె మొహం చూసి ఆగాడు.

"ఇదొక్కటే ఉంది ఉస్తాద్," అందామె గొంతు తగ్గించి. "ఫొటో తీసిన గ్రీకువాడు నెగెటివుల గాజుపలకలతో సహా ఎప్పుడో దేశం దాటాడు. ఇంకోటి లేదు."

వానిస్ గబగబా పటంలోని జుట్టు తుడిచేసి ఎర్రరంగు కలిపాడు. ఆమె అక్కడే బల్ల మీద చతికిలబడింది. టోపీ నిటారుగా వేస్తే, "వీడు గాడిదబండి తోలేవాడు," అంది. ఎడమకు వాల్చి వేస్తే, "వీడు తాగొచ్చాడు," అంది. మూడోదాన్ని చూసి లేచి బయటికి నడిచింది. వానిస్‌కు అప్పుడు నిజంగా భయమేసింది.

ఆమె ఇంటికెళ్లి ఒక గుండ్రటి డబ్బాతో తిరిగొచ్చింది. అందులో కలరా ఉండల వాసనతో హిల్మీ టోపీ.

"వంచు తల."

వానిస్ వంచాడు. టోపీ జుట్టు మీద ఉబ్బి తేలింది. ఆమె అదిమింది. మళ్లీ లేచింది.

"నీ జుట్టు అడ్డం," అంది.

వానిస్ అద్దంలో తన అలను ఒకసారి చూసుకుని, ఎదురుగా ఉన్న మంగలి కొట్టుకు నడిచాడు.

"మొత్తమా? పేలు పడ్డాయా ఏంటి?" అన్నాడు మంగలి.

"నోరు మూసుకుని గియ్యి."

బోడిగుండుతో తిరిగొచ్చి కూర్చున్నాడు. ఈసారి టోపీ చక్కగా కుదిరింది. తౌహీదా అతని కనుబొమ పైన రెండు వేళ్లు పెట్టి కొలిచి, కుడివైపుకు పిసరంత లాగింది. కుచ్చు మీద దుమ్ము ఊదింది. భుజం దులిపింది.

"ఎండ ముదరకముందే వచ్చెయ్యి హిల్మీ," అంది.

ఆ తర్వాత ఆమె చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. వానిస్ గుండంతా చెమట పట్టింది. అయినా కదల్లేదు. ఆమె వెళ్లి బల్ల మీద కూర్చుని, "ఏమిటలా బిగుసుకుపోయావు? రంగు వెయ్యి," అని కసిరాక అద్దంలో చూస్తూ కుంచె అందుకున్నాడు. ఆకారం కుదిరాక టోపీ తీసి, లోపలి మడతలో వెలిసిపోకుండా ఉన్న ఎరుపును చూసి రంగు కలిపాడు. పూర్తయ్యాక ఆమె పటాన్ని చాలాసేపు చూసి, గుండెకు అదుముకుని వెళ్లిపోయింది.

గురువారం వచ్చిన ఆఫీసరు తౌహీదా మళ్లీ గోడకు వేలాడదీసిన ఆ టోపీ పటం ముందు అలాగే నిలబడిపోయాడట. ఫఖ్రీకి ముచ్చెమటలు పోశాయి. పెళ్లి మాత్రం కుదిరింది.

శనివారం ఆ ఆఫీసరే స్టూడియోకు వచ్చాడు. చంకలో పటం. అందులో ఎడమవైపు పాపిడి, నుదుటి మీద అల.

"మా నాన్నది. పోయినేడు మేమే టోపీ తీయించాం," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మళ్లీ పెట్టగలరా?"

వానిస్ గుండు తడుముకున్నాడు. గరుకు గరుకుగా అప్పుడే మొలకలు తగులుతున్నాయి.

"మీ అమ్మగారున్నారా?"

"ఉంది."

"అయితే టోపీ ఇచ్చి ఆవిణ్ని పంపండి. నా జుట్టు పెరిగేలోగా రమ్మనండి."