కోడలు ఎదురు చెప్పడం మానేసింది

బేకరీలో రొట్టెల పిండి కలపడం ఆ కోడలి ఉద్యోగం. ఆదివారాలు అక్కడి పనివాళ్ల హాకీ జట్టుకు గోల్‌కీపర్. ఇంట్లో మాత్రం ఆమె పోటీ అత్తగారితోనే. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడంటే, తప్పు ఉప్పుది కాదు, మీ నాలుకకు వయసొచ్చిందని కోడలు అనేది. దానికి తగిన జవాబు వెతుక్కుంటూ అత్తగారు ఆ పూటంతా హుషారుగా తిరిగేది. మధ్యలో తాను నలిగిపోతున్నానని బస్సు డ్రైవరైన భర్త వాపోయేవాడు గానీ, ఆ మాటల్లో విషం లేదని అతనికీ తెలుసు.

ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు అమ్మాయి మోకాలు ఆమె తలకు బలంగా తగిలింది. హెల్మెట్ ఉన్నా కళ్లు బైర్లు కమ్మాయి. అలాంటప్పుడు స్కోరెంతని అడగడం ఆ జట్టులో ఆనవాయితీ. సరిగ్గా చెబితే ఆడనిచ్చేవారు. స్కోరు మరచిపోయే గోల్‌కీపర్ ఎక్కడుంటుంది? చెప్పింది, ఆడింది. సాయంత్రం వాంతులయ్యాయి. ఆసుపత్రిలో స్కాన్ తీసి, రక్తస్రావం లేదని, విశ్రాంతి తీసుకోమని పంపారు. తలనొప్పి తగ్గగానే పనిలోకి వెళ్లింది.

కొన్ని వారాల తరువాత పిండి యంత్రం చప్పుడు భరించరానిదైంది. నిద్ర పలచబడింది. కారణం లేకుండా కన్నీళ్లు వచ్చేవి. ముఖానికి పిండి రాసుకుని వాటిని దాచేది. ఇంట్లో ఎవరేమన్నా తలూపేది. తలకు దెబ్బ తగిలితే గానీ బుద్ధి రాలేదని భర్త నవ్వాడు. అత్తగారు నవ్వలేదు.

మరునాడు మధ్యాహ్నం ఆవిడ కావాలనే కదిపింది. "ఈ రొట్టె రాయిలా ఉందే. మీ బేకరీలో సిమెంటు గానీ కలుపుతున్నారా?"

"తప్పయింది అత్తయ్యా. వేరేది తెస్తాను," అంటూనే కోడలు ఏడ్చేసింది.

అత్తగారు పొయ్యి ఆపి పక్కన కూర్చుంది. ఏమవుతోందని అడిగింది.

"నేను లేకపోతే మీ అందరికీ హాయిగా ఉంటుందనిపిస్తోంది."

ఆవిడ మందలించలేదు, నీతులు చెప్పలేదు. ఎప్పటి నుంచని మాత్రం అడిగింది. దెబ్బ తగిలాకే మొదలైందని తెలిశాక చెయ్యి పట్టుకుంది. "ఇది నీ బుద్ధి కాదే, దెబ్బ. పద డాక్టరు దగ్గరికి." కొడుక్కి ఫోన్ చేసింది. కోడల్ని ఒంటరిగా వదలలేదు.

స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా మెదడు కుదుపుకు లోనై ఉండవచ్చనీ, కొందరిలో దిగులు, చిరాకు, భయం, నిద్రలేమి రోజులు, వారాలు గడిచాక బయటపడతాయనీ డాక్టరు వివరించింది. వీటికి చికిత్స ఉందనీ, చనిపోవాలన్న ఆలోచన వస్తే వెంటనే చెప్పాలనీ అంది. భర్త తలవంచుకుని విన్నాడు. ఆ నవ్వు తాను నవ్వకుండా ఉండాల్సిందని తిరుగు దారిలో భార్యతో అన్నాడు.

కోలుకోవడం నెమ్మదిగా సాగింది: మాట్లాడించే చికిత్స, వేళకు నిద్ర, కొంచెం కొంచెంగా పని. కృతజ్ఞతలు చెప్పబోయిన ప్రతిసారీ అత్తగారు మాట మార్చేది. ఒకరోజు కోడలు వినిపించుకోకుండా పూర్తిగా చెప్పింది. ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

జట్టులో స్కోరు అడిగే ఆనవాయితీ పోయింది. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట ముగిసినట్టే; వైద్యులు సరేననేదాకా మళ్లీ మైదానంలోకి రానివ్వరు. గమనించాల్సిన మార్పులు చెప్పడానికి దెబ్బ తగిలిన వారి ఇంటికి ఫోన్ చేసేది ఈ కోడలే. ముందుగా ఒకటే అడుగుతుంది.

"మీ ఇంట్లో తనతో ఎక్కువగా వాదించేదెవరు? ఫోను వాళ్లకివ్వండి."