గీత లోపల పడ్డ బంతి

నాకు తొమ్మిదో నెలలో నెల్లూరు ఆసుపత్రిలో పాప పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. బిట్రగుంటలో మా రైల్వే క్వార్టర్‌కి తిరిగొచ్చిన మర్నాడు నాకు పాలు పడ్డాయి. పులికాట్ ఒడ్డునున్న మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. గుడ్డలో మల్లెపూలు పరిచి నా రొమ్ములకు గట్టిగా కట్టింది. పాలు ఇంకిపోవడానికి మావైపు అలా కడతారు. కొన్నాళ్ళకు ఇంకిపోయాయి. చేపలు అమ్ముకోవాల్సిన మనిషి ఎన్నాళ్ళని ఉంటుంది, అమ్మ వెళ్ళిపోయింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే తేలికపడతావని చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ చెప్పింది. నాకు బరువుగా ఉంటే కదా. ఏమీ లేదు. అన్నం పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. మా అత్త వచ్చి గ్యాసు కట్టేసేది. నా భర్త ట్రాక్ డ్యూటీ నుంచి వచ్చి, "తిన్నావా?" అని అడిగేవాడు. "ఊ" అనేదాన్ని. తిన్నానో లేదో నాకే గుర్తుండేది కాదు. వేడి గిన్నె పట్టుకుని వేలు బొబ్బెక్కినా, అది ఎవరి వేలో చూస్తున్నట్టు ఉండేది.

మా పక్క క్వార్టర్‌లో ఒక ముస్లిం అక్క ఉండేది. ఇంట్లో మిషను పెట్టుకుని కాలనీ అందరికీ జాకెట్లు కుట్టేది. ఆమే కాలనీ ఆడవాళ్ళను పోగేసి, సాయంత్రాలు త్రోబాల్ ఆడించేది. మా కాలనీలో సగం క్వార్టర్లకు తాళాలే. ఆ ఖాళీ వరసల వెనక ఉన్న నేలను బాగుచేసి, రెండు ఇనప స్తంభాలు పాతి వల కట్టుకున్నారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వల చూశాను కానీ అటు వెళ్ళలేదు. బళ్ళో ఉన్నప్పుడు మండలం స్థాయి దాకా ఆడినదాన్నని అక్కడ ఎవరికీ తెలియదు.

ఒకరోజు అక్క మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేస్తా ఉండావు?" అంది.

"ఏం లేదక్కా."

"మాకు ఒక మనిషి తక్కువైంది. వచ్చి నిలబడు. ఆడక్కర్లేదు, ఊరికే నిలబడు."

లోపలి నుంచి మా అత్త అంది: "పచ్చి ఒళ్ళమ్మా దానిది. ఇంకా నడుం గట్టిపడలేదు."

"ఎగిరే ఆట కాదులే పిన్నీ. బంతి పట్టుకోవడం, ఇసిరేయడం, అంతే."

వెళ్ళాలనీ అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు. వెళ్ళి చెప్పిన చోట నిలబడ్డాను. చుడీదార్ల మీద చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నవాళ్ళు కొందరు, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపినవాళ్ళు కొందరు. వాళ్ళు నన్ను చూసి, "వెనక వరసలో ఎడమ పక్క" అన్నారు. అంతే. పాప గురించి ఒక్కరూ అడగలేదు. కాసేపటికి బంతి నా మీదికి వచ్చింది. చేతులు వాటంతట అవే లేచి పట్టుకున్నాయి. విసిరాను. వల దాటి అవతల ఖాళీలో పడింది.

"ఇది ఆడినదేనే," అంది ఎవరో.

ఆ తర్వాత రోజూ వెళ్ళాను. ఇష్టం పుట్టి వెళ్ళానని చెప్పలేను. అయిదు కాగానే అక్క గోడ మీద చేత్తో తట్టేది, నేను లేచేదాన్ని. ఆడుతున్నంతసేపూ బంతి వైపు చూడటం తప్ప వేరే పని ఉండదు. ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టడం మొదలైంది. ఒక పొద్దున కాళ్ళ పిక్కలు పట్టేసి లేవలేకపోయాను. మా అత్త నూనె వేడిచేసి రాస్తూ, "చెప్తే ఇంటేనా" అని గొణిగింది. నొప్పి తెలిసింది. తెలిసిందని కూడా అప్పుడు పెద్దగా అనుకోలేదు.

ఆ మార్చిలో మహిళా దినోత్సవానికి కావలిలో పోటీలు పెట్టారు. రెండు ఆటోల్లో వెళ్ళాం. అందరికీ ఒకే రంగు టీ షర్టులు తెచ్చి, అక్క వాటికి పొడుగు చేతులు కుట్టింది. మొదటి ఆట గెలిచాం. రెండోది ఒక కాలేజీ పిల్లలతో. వాళ్ళు మాకంటే చురుకు. చివరిదాకా సమానంగా వచ్చి, ఆఖర్లో వాళ్ళు విసిరిన బంతి నా ఎడమ పక్కన, గీత దగ్గర పడింది. అంపైరు లోపలే అని చెయ్యి చూపించాడు. ఆట అయిపోయింది.

నేను అంపైరు ముందుకు వెళ్ళాను. ఎప్పుడు కదిలానో తెలియదు.

"బయట పడింది సార్," అన్నాను.

"లోపలేనమ్మా. నేను చూసినాను."

"మీరు చూళ్ళేదు. నా పక్కనే పడింది. నేను చూసినాను. బయటే."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆయన విసుక్కుని, "ఓడిపోతే అందరూ ఇట్నే అంటారు" అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. చూస్తే నా వెనక మావాళ్ళంతా వచ్చి నిలబడి ఉన్నారు. అక్క నా భుజం పక్కనుంచి, "బయటే సార్, మేమందరం చూసినాం" అంది. ఆయన వినలేదు. కాగితంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అందరూ ఆ బంతి గురించే. ఒకరిద్దరు నవ్వుతున్నారు. నాకు ఇంకా కోపం తగ్గలేదు. అక్క నా వైపు వంగి మెల్లగా అంది:

"అది లోపలే పడిందిలే."

"మీరు కూడా బయటే అన్నారే?"

"నువ్వు మాట్లాడినావు కదమ్మాయ్. ఇన్నాళ్ళకి."

బయటికి చూస్తూ కూర్చున్నాను. బంతి పడ్డ చోటు గుర్తుచేసుకున్నాను. లోపలే పడింది.

అప్పటిదాకా నా భర్తను ఒక సంగతి అడగలేదు. కావలి నుంచి వచ్చిన కొన్నాళ్ళకు, ఆయన బూట్లు విప్పుకుంటుంటే అడిగాను.

"పాపని ఎక్కడ పెట్టినారు?"

ఆయన చాలాసేపు లేస్‌ దగ్గరే చేతులు ఉంచాడు. "ఎందుకిప్పుడు?"

"చూడాల. తీసకపోండి."

మా అత్త వద్దంటుందనుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి, నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

ఆదివారం పొద్దున బండి మీద నెల్లూరు వెళ్ళాం. పెన్న ఒడ్డున తుమ్మచెట్లు, ఇసుక. ఆయన అటూ ఇటూ నడిచి ఒక చోట ఆగాడు. "ఈడనే. ఈడో, ఆ చెట్టు కాడో" అని, చేతుల్లో ముఖం పెట్టుకుని కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఇంతకాలం నన్ను తిన్నావా అని అడుగుతూ వచ్చిన మనిషి. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఇసుక కాలుతోంది. అది తెలుస్తోంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉన్నాం.

ఇంటికి వచ్చాక అత్త ఇద్దరికీ అన్నం పెట్టింది. నేను రెండోసారి వడ్డించమన్నాను.