వెనుక నుంచి మోగిన గంట

నేను గెలిచిన వాదాల్లో ఒకటి, ఒక పెద్దమనిషికి మిగిలిన ఒకే ఒక్క సంతోషాన్ని ఆయన చేతుల్లోంచి తీసేసింది. ఆ వాదంలో లోపమేమీ లేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ దానిని వాక్యం వాక్యంగా విప్పి చూస్తాను. ప్రతి వాక్యమూ నిలబడుతుంది. నిలబడలేకపోయినవాడు ఆ మనిషి ఒక్కడే.

అప్పుడు నేను హైదరాబాదులో కాలేజీ విద్యార్థిని. యుద్ధం మొదలై సైకిలు టైర్లు దొరకని కాలం. గురువారం సాయంత్రం క్లాసులు ముగియగానే అతుకుల టైర్లతో మొయినాబాదులో ఉన్న మేనమామ ఇంటికి చేరుకునేవాణ్ణి. మరునాడు శుక్రవారం, సర్కారు సెలవు. ఆ ఉదయం మామా, ఆయన స్నేహితులిద్దరూ సైకిళ్ల మీద చేవెళ్లకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. నేను పుట్టకముందు నుంచీ వెళుతున్నామని చెప్పుకునేవారు. దానికి క్లబ్బు అని పేరు. చందా లేదు, జెండా లేదు, అధ్యక్షుడు లేడు. ముగ్గురు వయసు మళ్లినవాళ్లు, మూడు సైకిళ్లు, ఒక నియమం. కాలేజీలో చేరిన ఏడాది నన్ను నాలుగోవాడిగా చేర్చుకున్నారు.

మామ సర్కారు బడిలో పంతులు. మాది క్రైస్తవుల ఇల్లు. ఆదివారం ప్రార్థనకూ శుక్రవారం సైకిలుకూ అని ఆయన తన వారాన్ని విభజించుకున్నాడు. రెండో ఆయన మొయినాబాదులో కిరాణా దుకాణం నడిపే సావుకారి. చేవెళ్లలో ఆయన తమ్ముడి దుకాణం అరుగే మా మజిలీ. మూడో ఆయన అందరికంటే పెద్దవాడు. దవాఖానాలో ముప్పై ఏళ్లు మందులు కలిపి విరమించిన కంపౌండరు. భార్య పోయింది. కొడుకు ఇంట్లో ఉండేవాడు. కొడుకు మంచివాడే, కానీ తండ్రి వాకిలి దాటితే భయపడే రకం. వారంలో ఆరు రోజులు ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఏడో రోజు కోసం ఎదురుచూసేవాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు.

క్లబ్బు నియమమేమిటంటే, అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడు ముందుండాలి, ఆయనను ఎవరూ దాటకూడదు. అంటే కంపౌండర్ సాబ్ ముందు, ఆయన వెనుక ఎప్పుడూ మామ, తరువాత సావుకారి, చివర నేను. ఇరవై ఏళ్లవాడు ముసలివాళ్ల వెనుక కాళ్లు బిగపట్టుకుని తొక్కడం ఎంత కష్టమో తొక్కినవాడికే తెలుస్తుంది. దానికి తోడు మామ దారి పొడుగునా గంట కొడుతూనే ఉండేవాడు. ఒకసారి ఒక్క దెబ్బ, ఇంకోసారి రెండు, ఒక్కోసారి ఆగకుండా.

"మామా, ముంగట ఎడ్లబండి గూడ లేదు. గంట ఎందుకు కొడుతున్నవు?" అని ఒకనాడు వెనుక నుంచి అరిచాను.

"గంట ఉన్నది, కొడుతున్న. నీకు నోరున్నది, నువ్వు ఊకుంటున్నవా?"

సావుకారి నవ్వి తల వెనక్కి తిప్పాడు. "ఏం వకీల్ సాబ్, ఇగ గంట మీద గూడ కేసు ఏస్తవా?"

వేశాను.

ఆ శుక్రవారం మేం చేవెళ్ల చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. సావుకారి తమ్ముడు అరుగు మీద చాప పరిచాడు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డలు వచ్చాయి. ఆ వారమే కాలేజీ చర్చలో నాకు మొదటి బహుమతి వచ్చింది. కంపౌండర్ సాబే అడిగాడు, ఏం మాట్లాడినవో మాకు గూడ చెప్పు బిడ్డ అని. అది చెప్పకుండా, మీ నియమం మీద మాట్లాడతానన్నాను.

లేచి నిలబడ్డాను. ఏ నియమానికైనా కారణం ఉండాలని, కారణం చెప్పలేని నియమం అలవాటు మాత్రమేనని మొదలుపెట్టాను. వయసు గౌరవానికి హక్కు ఇస్తుంది కాని, పదిమంది వేగాన్ని శాసించే అధికారం ఇవ్వదన్నాను. ఈ దేశంలో ముందున్నవాణ్ణి ఎవరూ దాటకూడదనే మాట సైకిళ్ల దగ్గరే ఆగలేదని, దొర ముందు నడిస్తే ఊరంతా వెనుక నడవాలనే చోట కూడా ఇదే నియమం ఉందని అన్నాను. ఆ పోలిక నాకే గొప్పగా తోచింది. చివరికి, ఎవరి బలం కొద్దీ వారు తొక్కాలని, బలహీనుడి పేరుతో బలవంతుణ్ణి ఆపడం ఇద్దరికీ అవమానమని ముగించాను. ఈ నియమానికి ఒక్క కారణం, ఒకే ఒక్కటి, ఎవరైనా చెప్పగలరా అని అడిగాను.

మామ రొట్టె ముక్కను పులుసులో ముంచి అలాగే ఉంచాడు. సావుకారి నోరు తెరిచి, కంపౌండర్ సాబ్ వైపు చూసి, మూసుకున్నాడు. ఎదుటివాడి మౌనమే ఓటమికి రుజువని మాకు కాలేజీలో నేర్పారు. నేను కూర్చున్నాను.

"మంచిగ మాట్లాడినవు. ఎదురుపక్క గూడ గిట్లనే మాట్లాడగలవా?" అని కంపౌండర్ సాబ్ అడిగాడు.

"మాకు తర్ఫీదే అది సాబ్. వచ్చే వారం అటుదిక్కు మాట్లాడుమంటే అటే మాట్లాడుత."

ఆయన పెద్దగా నవ్వాడు. "అయితే పిలగాడు చెప్పిందాంట్ల ఇన్సాఫ్ ఉన్నది. నాకు మంజూరు." అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాక మిగతా ఇద్దరూ ఎత్తక తప్పలేదు. సావుకారి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. దానిని కూడా నేను లెక్కలోకి తీసుకున్నాను.

కొత్త పద్ధతి వచ్చే వారం నుంచి అనుకున్నాం కాబట్టి తిరుగుదారిలో పాత వరుసే. సగం దారిలో నీళ్లు తాగడానికి ఆగినప్పుడు, చెట్టు అవతల కంపౌండర్ సాబ్ మామతో గొంతు తగ్గించి అంటున్న మాట నా చెవిన పడింది. "ఇచ్చిన మాట యాది ఉంచుకో పంతులూ. నా కొడుకు చెవిల పడ్డదంటే నా బండి ఆనాడే పాయె." అదేదో ఇంటి గొడవ అనుకున్నాను. అడగలేదు. అన్నిటినీ ప్రశ్నించేవాణ్ణి ఆ ఒక్కదానినీ ప్రశ్నించలేదు.

ఇంటికి వచ్చాక, నేను బట్టలు సర్దుకుంటుంటే మామ గడప దగ్గర నిలబడ్డాడు. "నీకు ఎట్ల చెప్పాలె..." అన్నాడు. నా సైకిలు వైపు చూసి, "ఏం లేదు. ఎనక టైరు చూసుకో, గాలి పోతున్నది," అని వెళ్లిపోయాడు. ఆయన మాట తప్పని మనిషి. నాకు నియమాల మీద గౌరవం నేర్పినవాడు ఆయనే.

తరువాతి శుక్రవారం బయలుదేరేటప్పుడు మామ తన సైకిలును కంపౌండర్ సాబ్ సైకిలు వెనుక నిలిపాడు.

"మామా, నీ కాళ్లల్ల బలం ఉన్నది. ఆడ ఎందుకు?" అన్నాను. "తీర్మానం ఏమయింది?"

"నాకు ఎనకనే మంచిగుంటది రా."

"గట్లయితే చెయ్యి ఎందుకెత్తినవు?"

మామ జవాబు చెప్పేలోగా కంపౌండర్ సాబే, "నడువు పంతులూ, నడువు. ఈ తొవ్వ నాకు కంఠతా వచ్చు. ఏ గుంత ఏడున్నదో పండుకొని చెప్త," అని మామ సైకిలు సీటు తడిమి ముందుకు నెట్టాడు. తడిమి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తున్నది. ఆనాడు చూసీ చూడలేదు.

మేం ముగ్గురం ముందుకు సాగాం. నేనయితే పరుగెత్తాను. గాలి చెవుల్లో హోరుమంది. చిన్న మంగళారం వైపు దారి చీలే చోటు దాటాక, రోడ్డు మరమ్మతు కోసం ఆ వారమే తెచ్చి పోసిన కంకర కుప్పలు కనిపించాయి. రోడ్డులో సగం దాకా ఉన్నాయి. హ్యాండిలు కొంచెం వంచి పక్కనుంచి దూసుకుపోయాను. వెనుక మామ గంట రెండుసార్లు మోగడం వినిపించింది. ఎవరి కోసం కొడుతున్నాడా అని నవ్వుకున్నాను. వినవలసిన మనిషి అప్పటికి కనుచూపు మేరలో లేడు.

చేవెళ్లలో అరుగు మీద నేను మొదట కూర్చున్నాను. మామా, సావుకారీ రొప్పుతూ వచ్చి, కూర్చోకుండా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. చాలాసేపయింది. "ఎనకకు పోదాం," అన్నాడు మామ. నేనే ఆపాను. ఆయన తన వేగంతో వస్తున్నాడని, వెతుక్కుంటూ వెళితే ఆయనను చిన్నపిల్లవాణ్ణి చేసినట్టవుతుందని అన్నాను. అదీ సరైన మాటే. సావుకారి నా ముఖంలోకి చూసి, "నీ నోట్ల మన్ను వడ," అని మెల్లగా అన్నాడు. సైకిలెక్కబోతుండగా ఎడ్లబండి వచ్చి దుకాణం ముందు ఆగింది.

బండిలో గడ్డి మీద కంపౌండర్ సాబ్ పడుకుని ఉన్నాడు. పక్కన సైకిలు. ముందు చక్రం వంకర పోయింది.

"గీ పెద్దమనిషి మీవోడేనా?" అన్నాడు బండివాడు. "కంకర కుప్పల వడ్డడు. లెవ్వలేక పండుకొనే గంట కొడుతున్నడు, టింగు టింగుమని. ఆ సప్పుడుకే ఆగిన. లేకుంటే నేను గూడ చూడకపోదు."

కంపౌండర్ సాబ్ మామ గొంతు విన్నాక ముఖం అటు తిప్పాడు. "కుప్ప కొత్తది పంతులూ," అన్నాడు. "పోయిన వారం లేకుండె."

తుంటి ఎముక విరిగింది. సావుకారి తమ్ముడు వెంట ఉండి పట్నం దవాఖానాకు తీసుకుపోయాడు. బండి వెళ్లాక అరుగు మీద మేం ముగ్గురం మిగిలాం. అప్పుడు మామ చెప్పాడు.

"ఆయనకు కండ్లు సక్కగ కనవడక మూడేండ్లు రా. వెలుగు కనవడతది, మనిషి నీడ కనవడతది. తొవ్వ యాది మీద తొక్కుతడు. ఒక్క గంట కొడితే ఎడమకు, రెండు కొడితే కుడికి, ఆగకుండ కొడితే దిగాలె. కొడుకుకు తెలిస్తే సైకిల్ గుంజుకుంటడని మాతోని ఒట్టు పెట్టించుకున్నడు."

"నాకెందుకు చెప్పలే? నేను కారణం అడిగిన గద మామా! ఒక్క కారణం చెప్పుమన్న!"

"అడిగినవు. జవాబు ఆయన ముంగటనే చెప్పాల్నా?"

కళ్లు లేని మనిషి రోడ్డు మీద సైకిలు తొక్కడం న్యాయమా, దానిని ముగ్గురు పెద్దలు దాచిపెట్టడం న్యాయమా అని ఆ తరువాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కాదనే తేలుతుంది. కానీ మూడేళ్లు ఒక్కసారి కూడా ఆయన పడలేదన్న నిజం ఒకటి పక్కన మిగిలిపోతుంది. దానిని ఏ వాదంలో పెట్టాలో తెలియదు.

క్లబ్బు ఆ రోజుతోనే ఆగిపోయింది. ఆపుదామని ఎవరూ అనలేదు. తరువాతి శుక్రవారం ఎవరూ సైకిలు బయటికి తీయలేదు, అంతే. సావుకారి నాతో మళ్లీ మాట్లాడలేదు. మామ మాట్లాడేవాడు, భోజనానికి పిలిచేవాడు, చదువు సంగతి అడిగేవాడు. నా ఎదుట ఏ విషయం మీదా అభిప్రాయం మాత్రం చెప్పేవాడు కాదు.

వానాకాలం ముగిశాక కంపౌండర్ సాబ్‌ను ఇంటికి తెచ్చారని విని చూడటానికి వెళ్లాను. కొడుకు తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన మంచం మీద ఉన్నాడు. ఇక లేచి నడవడని డాక్టర్లు చెప్పేశారు. సైకిలు గోడ మేకులకు వేలాడుతున్నది, చక్రాలకు టైర్లు లేవు.

"ఎవలు? వకీల్ సాబా?" అన్నాడు నా అడుగుల చప్పుడుకే. "మంచిగొచ్చినవు. ఆ మూలకు రెండు టైర్లు ఉన్నయి, తీస్కపో. లడాయికి ముందటి మాల్. నీ టైర్లకు అన్నీ పట్టీలేనట గద, పంతులు చెప్పిండు."

"నాకొద్దు సాబ్."

"ఊకె ఎండిపోతున్నయి. ఎందుకొద్దో ఒక్క కారణం చెప్పు."

టైర్లు చేతిలోకి తీసుకున్నాను.

"కూసో," అన్నాడు. "పొద్దు పోతలేదు నాకు. ఆనాడు అన్నవు గద, అటుదిక్కు గూడ మాట్లాడుతనని. మాట్లాడు, వింట. నెమ్మదోడే ముందుండాలె. నడువు, షురూ చెయ్యి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆయనకు నిజంగానే వినాలని ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఎదురుపక్షానికి కావలసిన కారణాలన్నీ ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి, వరుసగా, ఒక్కటీ తప్పిపోకుండా. మొదటి వాక్యం కూడా నాలుక మీదికి వచ్చింది. ఆయన తల ఒక పక్కకు వంచి, నేను లేని దిక్కుకు చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

ఆ సమయంలో బయట రోడ్డు మీద ఎవరో సైకిలు మీద పోతూ గంట కొట్టారు. ఒక్క దెబ్బ.

దుప్పటి మీద ఆయన రెండు చేతులూ పిడికిళ్లు బిగించి, మెల్లగా ఎడమకు తిరిగాయి.