బెయిలు సంతకాలకు నా అట్టపుస్తకం

జీవితంలో నేను వేసిన లెక్కలన్నీ సరిపోయాయి, ఒక్క సోమవారం తప్ప. ఆ రోజు జరిగిన అనర్థానికి పాఠకులు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ తలవంచుకునే చెబుతాను.

తొంభైల చివరిలో, మా పోలీస్ స్టేషన్‌కు వచ్చిపోయేవారి ఇబ్బందులు తెలుసుకుని సరిదిద్దడానికి ఒక పౌర సంఘం ఏర్పడింది. బెయిలు మీద ఉన్నవారు ప్రతి సోమవారం స్టేషన్ రిజిస్టరులో సంతకం చేయాలి. వారి అభిప్రాయాలు సేకరించే పని నాకు అప్పగించారు. నోటిమాటను నేను నమ్మేవాణ్ణి కాదు. తేదీ, సమయం, పేరు, పనిచేసే చోటు, వేచి ఉన్న నిమిషాలు, సంతకం అంటూ గడులు గీసి, అట్ట వేయించిన పుస్తకంతో వాకిలి పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాను. లోపలి రిజిస్టరు నలిగిన గోనెసంచిలా ఉంటే, నాది పీటల మీది పెళ్లికొడుకులా మెరిసింది.

ఏడుగురు వచ్చారు. ఏడుగురూ 'రెండు నిమిషాలు' అని రాయించి, సంతకం చేసి సంతోషంగా వెళ్లారు. ఇంత ఘనమైన ఫలితం చూసుకుని మురిసిపోతుండగా, మధ్యాహ్నం లోపలి రిజిస్టరు రాసే స్టేషన్ రైటరు బయటికొచ్చాడు.

"ఏం సార్, ఈ పొద్దు ఒక్కడూ వచ్చింది లేదే. కోర్టుకు రాసి పంపాల."

వచ్చారని పుస్తకం చూపించాను. అతను పుస్తకాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"వాళ్లు మిమ్మల్నే స్టేషన్ అనుకున్నారు సార్."

సాయంత్రంలోగా అసలు రిజిస్టరులో సంతకం పడకపోతే వాళ్లు మళ్లీ జైలుకు పోవచ్చు. పనిచేసే చోటు గడి ఉందిగా! ఆటో ఎక్కి పీణ్య పారిశ్రామికవాడలోని వర్క్‌షాపులన్నీ తిరిగాను. ఆరుగురిని గేటు దగ్గరికి పిలిపించి స్టేషన్‌కు పంపాను. ఏడవవాడు ఓబులేసు, అనంతపురం నుంచి వచ్చిన లేత్ పనివాడు. అక్కడ గేటు దగ్గర ఎవరూ లేకపోతే లోపలికే వెళ్లి, మెషీన్ల మోతలో వినపడదేమోనని గొంతు చించుకుని అరిచాను: "ఓబులేసూ, నీ బెయిలు సంతకం పడలేదు, స్టేషన్‌కు రా!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మెషీన్లన్నీ ఆగాయి. యజమానితో సహా అందరూ విన్నారు.

ఆటోలో ఓబులేసు, "జైలు తప్పిస్తివి అప్పా. పని పోగొడితివి. నా మీద కేసుండేది ఆడ ఎవురికీ తెలీదు" అన్నాడు.

అన్నట్టే ఆ సాయంత్రం పని పోయింది. యజమానిని రెండుసార్లు బతిమాలినా వినలేదు. ఓబులేసుకు మరోచోట పని దొరకడానికి ఐదు వారాలు పట్టింది. నా జీవితంలో ఏ గడిలోనూ రాయలేకపోయిన అంకె అది.

మరుసటి సోమవారం కాగితం లేకుండా స్టేషన్‌కు వెళ్లి, ఇక్కడ ఏం మారితే మీకు మేలని ఓబులేసునే అడిగాను.

"పొద్దున ఏడుకే సంతకం పెట్టిచ్చుకుంటే షిఫ్టు పోదు. ఇంగొకటి, నువ్వు రాకుంటే చాలప్పా."

రెండు సూచనలనూ యథాతథంగా సంఘానికి సమర్పించాను. మొదటిదాన్ని పరిశీలనలో ఉంచారు. రెండవదాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ స్టేషన్ వాకిట్లోనూ బల్ల వేయను, మనిషిని అడగకముందు గీత గీయను.