మడతలో పసుపు

మొన్న ఆదివారం కర్నూలు నుంచి మా మనవరాలు వచ్చింది. కూతురి కూతురు, అక్కడే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, నా పక్కన మంచం మీద చేరి, ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. దాంట్లో ఓ పొడుగాటి జాబితా. ఇక్కడి వాళ్ళ పనులు తీసేసి వేరే దేశాలకు పంపేసిన కంపెనీలట అవన్నీ, వాటి సరుకు ఇక మీదట కొనబోమని కింద మన పేరు రాయాలట, రాసి ఇంకో పదిమందికి పంపాలట. దాని స్నేహితురాలి తండ్రికి ఈమధ్యే అట్లా పని పోయిందని చెప్పింది. "అవ్వా, నువ్వు గూడా కంపెనీలో చేసినదానివే గదా, అందరికంటే ముందు నీ పేరే ఉండాల" అంది. అద్దాలు కనబడలేదే, తర్వాత చూస్తాలే అని తప్పించుకున్నాను. అద్దాలు నా నెత్తి మీదే ఉన్నాయి, పిల్ల అది చూసి నవ్వుకుంటూ లేచి వెళ్ళింది.

అది మాట్లాడుతున్నంతసేపూ నా చెయ్యి దాని చొక్కా అంచు పట్టుకుని తిప్పి చూస్తూనే ఉంది. నాకిదో పాత జబ్బు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా కాలరు కుట్టు చూస్తాను, ఇంట్లోవాళ్ళయితే మొహమాటం లేకుండా అంచు మడత తిప్పి చూస్తాను, మా అల్లుడు పెళ్ళయిన కొత్తలో అత్తగారికి ఇదేం చేష్ట అని హడలిపోయాడు కూడా. పదకొండేళ్ళు చొక్కాలు కుట్టిన దానికి ఆ మాత్రం మిగలడంలో వింతేమీ లేదు. ఇంతమంది అంచులు చూసినదాన్ని, చూడాల్సిన ఒక్క చొక్కా అంచు చూడాల్సిన రోజున చూడలేదు. పిల్ల చూపించిన జాబితా దగ్గర్నుంచి నాకు అదే గుర్తుకొస్తూ ఉంది.

మాది ఆలూరు దగ్గర ఓ మెట్ట పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే మూటా ముల్లే కట్టుకుని ఊళ్ళు పట్టిపోవడం. నన్ను డోన్‌కు ఇచ్చారు. మా అన్న కూడా అప్పటికే అక్కడ నాపరాళ్ళ పాలిషు పనిలో చేరి, మా వదినను తీసుకొచ్చి కాపురం పెట్టాడు. వదినది నందికొట్కూరు, నల్లరేగడి భూముల పక్క నుంచి వచ్చిన మనిషి, మా ఎర్ర దుమ్ము చూసి మొదట్లో శానా బెంగపడింది. మా చిన్నకూతురు పుట్టిన ఏడు ఊరి బయట పాతబడిన శెనక్కాయల మిల్లు షెడ్డు బాగుచేసి, అందులో ఎవరో కంపెనీవాళ్ళు చొక్కాలు కుట్టే యూనిట్టు పెట్టారు. ఆడవాళ్ళు కావాలన్నారు. పత్తి తీసి తీసి వేళ్ళు చీరుకుపోయిన మాకు నీడపట్టున, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుండగా కూర్చుని చేసే పని అంటే నమ్మకం కలగలేదు. వదినే ముందు పోయి చేరి, వారం తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

చొక్కా ఒకరే కుట్టేది కాదని ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. ఒకరు చేతులు, ఒకరు జేబు, ఒకరు పట్టీ. నాకు కాలరు వచ్చింది, వదినకు కింది అంచు. అంటే నా చేతిలో పుట్టిన చొక్కా అంతా తిరిగి తిరిగి చివరకు వదిన చేతిలో ముగిసేది. మెళ్ళో తాడుకు దారాలు తుంచే చిన్న కత్తెర వేలాడుతుండేది అందరికీ, ఇంటికి పోయాక కూడా తీసేవాళ్ళం కాదు, తాళిబొట్టుకు జోడు కత్తెర అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మనకు కొత్త గుడ్డ మూలకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకునే అలవాటు లేదు గదా. ఎవరు తొడుగుతారో తెలియని చొక్కా అయినా కొత్త గుడ్డ కొత్త గుడ్డే అని మా వదిన వాదన. కొంగు ముడిలో ఇంత పసుపు తెచ్చుకుని, ప్రతి కట్టలో మొదటి చొక్కాకు అంచు మీద వేలికొసతో అద్దేది. ఒకసారి తెల్లచొక్కా మీద ఆ మరక బయటపడి, కట్ట మొత్తం వెనక్కొచ్చింది. సూపర్‌వైజరు తమిళం పక్క నుంచి వచ్చినాయన, కోపమొస్తే తెలుగు మరిచిపోయేవాడు, వరసలన్నీ నిలబెట్టి ఎవరు ఎవరు అని అరిచాడు. నూటిరవై మందిమి నేల చూపులు చూశాం గానీ ఒక్కరం నోరు విప్పలేదు. మర్నాటి నుంచి వదిన పసుపు మానలేదు, చోటు మార్చిందంతే. అంచు మడిచే ముందు లోపలి వైపు అద్ది, దాని మీద మడత వేసి కుట్టేసేది. కుట్టు విప్పితే తప్ప దేవుడికి కూడా కనబడదు. "తొడిగినోడు సల్లగుంటే సాలు పాపా, వానికి తెలియాల్నా యేంది" అనేది నాతో.

కొన్నేళ్ళకు మా అన్న నడుం మీద రాతిపలక పడి మంచాన పడ్డాడు. అదే కాలంలో కంపెనీవాళ్ళు నందికొట్కూరులో ఇంకో చిన్న షెడ్డు తెరిచారు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టడానికని. పుట్టింటివాళ్ళు దగ్గరుంటే మనిషిని చూసుకోవడానికి సాయం ఉంటుందని వదిన అడిగి అక్కడికి మార్పించుకుంది. మంచంలో మొగుడు, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది వదిన మిషను తొక్కితేనే. తను పోయాక అంచు దగ్గర ఇంకెవరో కూర్చున్నారు, వాళ్ళు పసుపు పెట్టేవాళ్ళు కారు. ఈ ఫోన్లు లేని రోజులు, ఏ పండగకో చావుకో కలిసినప్పుడు తప్ప మాకు మాటల్లేవు.

ఆ తర్వాత రెండేళ్ళకు మా డోన్ షెడ్డు మూశారు. ముందురోజు మిషన్లన్నిటికీ శుభ్రంగా నూనె వెయ్యమన్నారు, ఏదో పెద్ద ఆర్డరు వచ్చిందేమోనని మేం ఇష్టంగా వేశాం. పొద్దున పోతే మిషన్లు లారీ ఎక్కుతున్నాయి. ఈ చొక్కాలు ఇక బంగ్లాదేశంలో కుడతారని సూపర్‌వైజరు చెప్పాడు, పాపం ఆయనకూ పని పోయింది, ఆ మాట మాత్రం తప్పు లేని తెలుగులో చెప్పాడు. బంగ్లాదేశం ఏ దిక్కున ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గేటు ముందు రాయి ఎక్కి నిలబడి, జన్మలో నలుగురి ముందు మాట్లాడనిదాన్ని, ఆ రోజు గొంతు చించుకుని మాట్లాడాను. "మన నోటికాడ కూడు తీసినోని సొక్కా మన ఇండ్లల్లో మొగోళ్ళు తొడగరాదు. మన ఊర్లో ఏ అంగట్లో గూడా అమ్మరాదు" అన్నాను. అందరం మెళ్ళో కత్తెరలు పట్టుకుని ఒట్టేసుకున్నాం. అంత పౌరుషం నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు, నిజం చెప్పొద్దూ, పని పోయిన దిగులు కూడా ఆ పూట మరిచిపోయాను.

ఒట్టు గట్టిగానే నిలిచింది. పెళ్ళిబట్టలు తీసేవాళ్ళతో అంగళ్ళకు మేమే పోయి నిలబడి ఆ కంపెనీ చొక్కా ముట్టనిచ్చేవాళ్ళం కాదు. మాలో ఆలూరు, పత్తికొండ పక్కల నుంచి వచ్చినవాళ్ళు తమ ఊళ్ళల్లోనూ ఇదే పని పెట్టుకున్నారు. బట్టలంగడి సాయిబు ముసలాయన, మా అందరినీ ఏళ్ళుగా ఎరిగినవాడు, చివరకు పెట్టెలన్నీ కట్టి వెనక్కి పంపేశాడు. పంపుతూ, "మీ గుస్సా నాకు తెలుసమ్మా. ఈ సరుకు వాపస్ పోతే దెబ్బ యాడ తగుల్తాదో అదే తెలీదు" అన్నాడు. కంపెనీవాడికే తగులుతుంది, ఇంకెవరికి తగులుతుంది అని నేను జవాబు చెప్పాను.

ఆ వేసవిలోనే మా పెద్దపిల్లకు ఓణీల వేడుక చేశాం. వదిన వచ్చింది. పిల్లకు పట్టులంగా, మా ఆయనకు ఓ చొక్కా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. చూస్తే ఆ కంపెనీదే. చుట్టూ నాతో ఒట్టేసిన ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి, నేను నాయకురాలిని గదా. "ఈ కంపెనీ గుడ్డ మా గడప తొక్కదు వదినా, తీసుకపో" అన్నాను, పళ్ళెం జరిపేశాను. వదిన నా మొహంలోకి ఓ క్షణం చూసింది. భోజనాల దగ్గర వడ్డన కూడా చేసింది, సాయంత్రం బస్సుకు పోయింది. చొక్కా మాత్రం తీసుకుపోలేదు, సంచిలో పెట్టి చిలక్కొయ్యకు తగిలించి పోయింది. నేను దాన్ని తెరవకుండా తీసి పాతపెట్టెలో పడేశాను. ఆ రాత్రి అందరూ నన్ను మెచ్చుకున్నారు, నాక్కూడా తృప్తిగానే ఉండింది.

వానాకాలం పోయేలోపు నందికొట్కూరు షెడ్డు కూడా మూసేశారని తెలిసింది. ఈ చుట్టుపక్కల అమ్మకాలు పడిపోయినందువల్ల అని గేటుకు కాగితం అంటించారట. యూనిఫారాలకూ మా ఒట్టుకూ ఏం సంబంధం అని నేను అడిగితే, ఆ కబురు తెచ్చిన మా దాయాది నన్ను వింతగా చూశాడు. యూనిఫారాలు మొదటి ఏడాదే ఆగిపోయాయి, డోన్ మూశాక మన జిల్లాలకు కావాల్సిన చొక్కాలు ఆ చిన్న షెడ్డులోనే కుడుతూ వచ్చారు, ఆ మాత్రం తెలియదా నీకు అన్నాడు. తెలియదు. అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాతపెట్టె తీశాను. చొక్కా నీలం రంగుది, మడత కూడా నలగలేదు. మెళ్ళో కత్తెర తీసి అంచు కుట్టు నాలుగు వేళ్ళ మేర తుంచాను. లోపల పసుపు ఉంది. గుడ్డ ఒక్క నీళ్ళు కూడా చూడలేదు కాబట్టి, పెట్టిన రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అత్త మీద కోపం దుత్త మీద తీశారని వెనకటికి ఊరికే అనలేదు, కానీ ఆ దుత్త నా వదిన ఇంటి పొయ్యి మీదిది. నేల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గు, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు.

నెల తర్వాత ధైర్యం చేసుకుని పోయాను. వదిన వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది, కూలికి తెచ్చుకున్న కాయలు. ఘాటుకు నాకు దగ్గొచ్చింది, తనకు అలవాటైపోయింది. పక్కన కూర్చుని నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను. కుప్ప సగానికి తగ్గాక, "ఆ పొద్దే చెప్పకపోతివే వదినా" అన్నాను. "అంతమంది ముందర నీ మాట తీసేయాల్నా పాపా? నువ్వు అందరి అంచులూ సూసేదానివి గదా, వాళ్ళు పోయినాక మడత ఇప్పి సూస్తావనుకుంటి" అంది. అంతే. అంతకు మించి ఆ విషయం ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు. ఆడపిల్లల్లో పెద్దది మాత్రం ఆ ఏడే బడి మానేసి తల్లితో పాటు మిరప పనికి పోయింది, ఆ పిల్ల ఇప్పటికీ నన్ను అత్తా అని ప్రేమగానే పిలుస్తుంది.

మేం ఒట్టు వెయ్యకపోయినా ఆ షెడ్డు మూసేవాళ్ళేనని మా ఆయన ఎన్నోసార్లు ఓదార్చాడు. కావచ్చు. బంగ్లాదేశంలోని ఆ షెడ్డు మాత్రం ఉందో, అక్కడి నుంచీ లారీ ఎక్కిందో ఎవరికి తెలుసు. మా కోపం న్యాయమైనదని నేను ఈనాటికీ అంటాను. అది కంపెనీ దాకా మాత్రం నడిచి పోలేకపోయింది, నందికొట్కూరులో మా అన్న ఇంటి ముందే దిగిపోయింది. కొనబోమని చెప్పడం తేలిక, ఆ మాట ఎవరి గుమ్మంలో పడుతుందో కనుక్కోవడానికి కాళ్ళు అరగాలి, ఇప్పుడు నాకు కాళ్ళూ లేవు, అంత కోపమూ లేదు.

సాయంత్రం పిల్ల మళ్ళీ ఫోను తెచ్చింది. పేరు పెడతాననలేదు, పెట్టననలేదు. నీ స్నేహితురాలి తండ్రిని ఒకసారి ఇంటికి తీసుకురా, అన్నం పెట్టి ఆయన చేసిన పనేమిటో, ఆ పని ఇప్పుడు యాడెవరు చేస్తున్నారో కూర్చుని విందాం అన్నాను. అది ఒప్పుకుంది గానీ మొహం చిన్నబుచ్చుకుంది. దాని ఈడున నేనైతే రాయెక్కి అరిచినదాన్ని, దాన్ని ఏమనగలను. దాని చొక్కా సంగతి అడిగితే, కవరు చించి అట్లాగే తొడుక్కున్నానంది. పసుపు మాట ఎత్తితే, మరకవుతుంది అవ్వా అంది. ఇప్పుడు కొత్తగుడ్డ ఎవరింట్లోనూ పసుపు కోసం ఆగడం లేదు, కుట్టినవాళ్ళు ఎవరో తొడిగేవాళ్ళకు తెలియదు, తొడిగేది ఎవరో కుట్టేవాళ్ళకూ తెలియదు. మాకూ తెలిసేది కాదు, కానీ మా వదిన వాళ్ళ కోసం వేలు పసుపులో ముంచేది.

నీలం చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. మా ఆయన ఒక్కసారైనా తొడగకుండానే పోయాడు. నేను తుంచిన నాలుగు వేళ్ళ కుట్టు అట్లాగే విడిపోయి ఉంది. మిషను ఇంట్లోనే ఉంది, నీలం దారమూ ఉంది, కూర్చుంటే రెండు నిమిషాల పని. కూర్చోలేను. నాది కాలరు, అంచు వదిన పని.