సుత్తి పద్యం

హిందీ మాట్లాడే ఉక్కు పట్నంలో, బర్మామైన్స్ పేట సందులో ఆదిబాబు రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, గొంతుకు రెండు వేళ్లు ఆనించి పద్యం కట్టుకుంటాడు. కార్ఖానాలో ముప్పయ్యేళ్లు పెద్ద యంత్రపు సుత్తి పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు గానీ, ఏ అక్షరం గొంతును కదపకుండా జారిపోతుందో, ఏది రొమ్ములో మోగుతుందో ఆ వేళ్లకు బాగా తెలుసు. మొన్న తెలుగు సంఘంవాళ్లకు పంపడానికి, ఆ సుత్తి మీద కట్టిన పద్యాన్ని మనవరాలు తనుశ్రీ తనే చదివి ఫోన్లో రికార్డు చేస్తుంటే, ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నోరు తిరగక ఆ పిల్ల 'ఢమఢమ'ను 'టకటక' చేసేసింది. ముసలాయన చెయ్యి ఉలిక్కిపడింది.

"నా సుత్తి గుసగుసలాడతందేటే?"

"తాతా, ఆప్‌కో కైసే పతా చలా?" అంటూ, చెవులు వినబడని తాతకు ఎలా తెలిసిపోయిందా అని తనుశ్రీ తెల్లబోయింది. ఆదిబాబు ఆమె వేళ్లను ఆమె గొంతుకే ఆనించాడు. ఈసారి 'ఢమఢమ' అనగానే ఆ వేళ్ల కింద సుత్తి మోగింది.